కాలువకు దూరంగా ఒక ఇల్లు

మా చెల్లెలి భర్త బ్యాంకు ఉద్యోగి. ఈసారి బదిలీకి కర్నూలు, కడప రెండిట్లో ఏదో ఒకటి కోరుకోమన్నారు. వేరేవాళ్లయితే ఒక పూటలో తేల్చేసేవాళ్లు. మావాళ్లకు అట్లా కుదరదు. వాళ్ల పిల్లవాడికి ఆరేళ్లు నిండుతున్నాయి. ఆటిజం ఉంది, మాటలు నాలుగైదుకు మించి లేవు. జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చాలి. "అక్కా, నువ్వు టీచరుగా చేసినదానివి. బడులవాళ్లతో మాట్లాడటం నీకే వచ్చు, రా" అని చెల్లెలు ఫోన్ చేసింది. మార్చి ఆఖరు రోజులు. అనంతపురం నుంచి పోయి కర్నూల్లో వాళ్లను కలిశాను.

ఒంటిపూట బడుల కాలం కావడం మాకు కలిసొచ్చింది. ఏడున్నరకల్లా బడి గేటు దగ్గర నిలబడితే ప్రార్థన మొదలుకొని అంతా చూడొచ్చు. పన్నెండున్నర దాటాక కర్నూలు ఎండలో చేసేదేమీ ఉండదు, బాడుగ ఇళ్లు వెతకడం సాయంత్రాలకే.

ఇళ్లు చూపించే బ్రోకరు దగ్గర 'మంచి ఏరియా'కు ఒక లెక్కుంది. వెంకటరమణ కాలనీ, కృష్ణానగర్, నంద్యాల చెక్‌పోస్టు వైపు కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లు అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ఎందుకు మంచివంటే పేరున్న కార్పొరేట్ స్కూళ్లు దగ్గర. "ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ సార్, బస్సు మన గేటు ముందే ఆగుతాది" అని మొదలుపెట్టాడు. మా మరిది అతన్ని ఆపి, "కాలువ ఎంత దూరం?" అన్నాడు. బ్రోకరు ముఖం వెలిగింది. "పక్క సందే సార్. బోరు ఎండిందన్న మాట వినపడదు" అన్నాడు. "అయితే ఈ ఇల్లు వద్దు" అన్నాడు మరిది. రాయలసీమలో నీళ్లు దగ్గరున్నాయని ఇల్లు వద్దనే మనిషిని ఆ బ్రోకరు అంతకు ముందు చూసి ఉండడు.

ఆ కాలువ కేసీ కెనాల్. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై, కర్నూలు ఊళ్లోంచి పోతూ, నంద్యాల మీదుగా కడప వైపు సాగుతుంది. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సాగుకూ, సరుకు పడవలకూ కలిపి తవ్వించింది. లాభాలు రాక 1882లో కంపెనీ చేతులెత్తేస్తే ప్రభుత్వం తీసుకుంది. ఇక్కడి వాళ్లకు ఆ కాలువ అన్నం పెట్టిన తల్లి. వినాయక చవితి నిమజ్జనాలు కూడా దాంట్లోనే. మాకు మాత్రం అదొక భయం.

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నీళ్లంటే ఆగలేని ఇష్టం. చెప్పకుండా ఇల్లు దాటి వెళ్లిపోయే అలవాటూ చాలామందిలో ఉంటుంది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో అమెరికాలో లెక్కలు తీశారు. అట్లా వెళ్లిపోయి చనిపోయిన పిల్లల్లో ఎక్కువమంది నీళ్లలో మునిగినవాళ్లే. మావాడు ఆ ఇంటి ముందే మాకు ఉదాహరణ చూపించాడు. మేం బ్రోకరుతో మాట్లాడుతుంటే పక్క వాటా ఏసీ పైపు నుంచి చుక్కలు పడుతున్న చోట గొంతుక్కూర్చున్నాడు. చుక్క పడే చోట అరచెయ్యి పెట్టి, అది చిట్లగానే వేళ్లు కంటికి దగ్గరగా తెచ్చుకుని ఆడిస్తాడు. మళ్లీ చెయ్యి పెడతాడు. పిలిస్తే పలకడు, లేపితే ఏడుపు. మేం అరగంట మాట్లాడినా వాడు ఆ చోటు వదల్లేదు. చుక్కకే ఇంత అయితే కాలువకు ఎంత?

కాబట్టి ఇల్లు చూసేటప్పుడు మేం అడిగినవి బ్రోకరుకు వింతగా తోచాయి. పక్కన కల్యాణ మండపం ఉందా? వీధి మలుపు దగ్గర గణేశ్ మంటపం కడతారా? డీజే పెట్టెలు ఆగేది ఎక్కడ? గేటు గడియ పైన ఉందా, కింద ఉందా? మిద్దె మీద పిట్టగోడ ఎంత ఎత్తు? కింద వాటా కావాలి, ఇంటి ఓనరు పైన ఉండాలి, ఆ ఓనరు ఇంట్లో ఎవరో ఒకరు పగలంతా ఉండేవాళ్లయితే మరీ మంచిది. ప్రభుత్వ క్వార్టర్లుండే బీ క్యాంపు, సీ క్యాంపు వైపు వీధులు మాకు నచ్చాయి. రోడ్డు వెడల్పు, చెట్లున్నాయి, పొద్దున హారన్లు తక్కువ. బ్రోకరు లెక్కలో అవి పాతబడిన ఏరియాలు.

ఇక బడులు. మొదట పోయింది ఒక పెద్ద ప్రైవేటు స్కూలుకు. పేరెందుకు, ఆ జవాబు ఇచ్చేది ఆ ఒక్క స్కూలే కాదు. రిసెప్షన్‌లో ఫీజు కాయితం చేతికిచ్చి, పిల్లవాణ్ణి చూశాక ఆ కాయితం మెల్లగా వెనక్కి తీసుకున్నారు. ప్రిన్సిపాల్ మర్యాదగానే మాట్లాడాడు. "మాకేం ఇబ్బంది లేదు మేడం, మిగతా పేరెంట్స్ ఒప్పుకోరు. మీ బాబుకు స్పెషల్ స్కూలైతేనే న్యాయం జరుగుతుంది" అన్నాడు. లేదని చెప్పడం కంటే ఈ జాలి మా చెల్లెల్ని ఎక్కువ నొప్పించింది. చట్టం ఏం చెబుతోందో ఆయనకు తెలియక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చారు. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఇంటి దగ్గరి బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య హక్కు. ఏది కావాలో ఎంచుకునేది తల్లిదండ్రులు, ప్రిన్సిపాల్ కాదు. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో ఉచితంగా ఇచ్చే 25 శాతం సీట్లలో మన రాష్ట్రం 5 శాతం అనాథలకు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకు, దివ్యాంగులకు కలిపి పెట్టింది. ఇవన్నీ నేను చెప్పగలను, చెప్పాను కూడా. కానీ తగాదా పడి సీటు తెచ్చుకున్న బడిలో, మాటలు రాని పిల్లవాణ్ణి రోజుకు ఆరు గంటలు వదిలిపెట్టి రావాలంటే ఏ తల్లికైనా గుండె ఒప్పదు. చట్టం తలుపు తెరిపించగలదు, లోపల వాణ్ణి ఎట్లా చూస్తారన్నది దాని చేతిలో లేదు.

ఒక సందులో చిన్న ఇంగ్లిష్ మీడియం బడి, మూడంతస్తుల ఇంటినే బడిగా మార్చారు. కరస్పాండెంటమ్మ పిల్లవాణ్ణి చూసి, "మా దగ్గర ఇట్లాంటి పాప ఒకతె ఉంది, రెండేళ్లయింది" అంది. ఆ ఒక్క మాటకే చెల్లెలు కుర్చీలో సర్దుకుని కూర్చుంది. అయితే ఆ బడికి ఆవరణ లేదు, గేటు తెరిస్తే ఆటోల రోడ్డు. ఇట్లాంటి పాప ఉందన్న మాట ఇచ్చిన ఊరటను గేటు మింగేసింది.

మరుసటి రోజు భవిత కేంద్రానికి పోయాం. తెలియనివాళ్ల కోసం: సమగ్ర శిక్షా కింద ప్రత్యేక అవసరాల పిల్లలకు మండలాల్లో నడిచే కేంద్రాలివి. మామూలుగా ఏదో ఒక ప్రభుత్వ బడి ఆవరణలోనే ఉంటాయి. సహిత విద్య టీచర్లు ఉంటారు, వారంలో ఫలానా రోజు ఫిజియోథెరపిస్టు వస్తారు, కదల్లేని పిల్లలకు ఇంటికే పోయి చెబుతారు. రాను పోను ఖర్చులకు కొంత భత్యం ఉంది. ఆటిజం పిల్లల తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ పేరే తెలియదు. తెలిసినవాళ్లు "అది గవర్నమెంటుది కదా" అని అటు పోరు.

మేం చూసింది ఒకటే గది. నడక నేర్పే జంట కడ్డీలు, మెడ నిలవని పిల్లల కోసం చెక్క కుర్చీ, నీలం చాప, అట్టపెట్టెలో పూసలు. టీచరమ్మ మా చెల్లెల్ని ఏమీ అడగకుండా పిల్లవాడి ఎదురుగా చాప మీద కూర్చుంది. మూడు బొమ్మల అట్టలు పరిచింది: అరటిపండు, బంతి, నీళ్ల గ్లాసు. వాడు నీళ్ల అట్ట మీద చెయ్యేశాడు. వెంటనే గ్లాసులో రెండు గుక్కల నీళ్లు మాత్రమే పోసి ఇచ్చింది. తాగి మళ్లీ ఆమె చెయ్యి పట్టుకుని కూజా వైపు లాగాడు. ఆమె కదల్లేదు, అట్ట చూపించింది. మళ్లీ లాగాడు. మళ్లీ అట్టే. నాలుగోసారికి వాడే అట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు. "గ్లాసు నిండా పోయకండమ్మా. నిండా పోస్తే మళ్లీ అడగాల్సిన పని ఉండదు" అంది మా చెల్లెలితో. ప్రైవేటు థెరపీ సెంటర్లో ముప్పావుగంటకు అయిదారు వందలు తీసుకుని చేసేది కూడా ఇదే.

ఆ టీచరమ్మ ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉంది. ప్రాథమిక తరగతుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. మన రాష్ట్రం 2025లో 2,260 ప్రత్యేక విద్య టీచరు పోస్టులు మంజూరు చేసింది. పోస్టు కాయితం మీద ఉండటం వేరు, ఆ చాప మీద మనిషి కూర్చోవడం వేరు. అందుకే ఏ ఊరికైనా పోయినప్పుడు ఎంఈవో ఆఫీసులో 'భవిత సెంటరు ఎక్కడ, ఇప్పుడు టీచరు ఎవరున్నారు' అని రెండూ కలిపి అడగాలి.

కర్నూలు నుంచి కడపకు రెండు వందల కిలోమీటర్ల చిల్లర. ఓర్వకల్లు రాళ్ల గుట్టలు దాటి పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు. నంద్యాలలో ఆగి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. మావాడు మెత్తటిదేదీ నోట్లో పెట్టడు. ఉగ్గాని ప్లేటు జరిపేసి బజ్జీల పైతొక్క మాత్రం కరకరలాడేంత వరకు ఒలుచుకుని తిన్నాడు, లోపలి మిరపకాయ నాకు మిగిలింది. మా మరిది దోవ పొడుగునా కిటికీ పక్క సీటు వాడికే వదిలేశాడు. నల్లరేగడి చేలూ కరెంటు స్తంభాలూ ఒకే వేగంతో పోతుంటే వాడు అంత నెమ్మదిగా ఉండేది మరెక్కడా కనపడలేదు.

దోవలో టెక్సస్ నుంచి మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. ఆమె కొడుక్కీ ఆటిజమే. వాళ్లు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు, చుట్టూ తెలుగువాళ్లే. అక్కడ ఇంటి అడ్రసును బట్టి పబ్లిక్ స్కూలు వస్తుంది. అందుకే స్కూలు డిస్ట్రిక్టు చూసి ఇల్లు కొంటారు, మంచి డిస్ట్రిక్టులో ఇంటి ధర అట్లాగే ఉంటుంది. 1975లో వచ్చిన చట్టం వల్ల ఏ పబ్లిక్ స్కూలూ పిల్లవాణ్ణి కాదనలేదు. ఒక్కో పిల్లవాడికీ విడిగా విద్యా ప్రణాళిక రాసి, తల్లిదండ్రులను కూర్చోబెట్టి చదివి వినిపించి సంతకం తీసుకుంటారు. మా చెల్లెలు స్పీకర్ పెట్టి వింటూ ఊరుకుంది. చివరికి ఆమే అంది అటువైపు నుంచి: "అన్నీ ఉన్నాయి అక్కా, పిల్లోణ్ణి గంటసేపు పట్టుకునే మనిషి లేదు. జ్వరమొస్తే ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టాల్సిందే." ఫోన్ పెట్టేశాక మా మరిది, "వదినా, మనకు మనిషి ఉంది, కాయితం లేదు" అన్నాడు.

ఆ మనిషి మరిది వాళ్లమ్మ. ఖాజీపేట దగ్గర పల్లె. మధ్యాహ్నానికి అక్కడికి చేరాం. "మాటలకేముందిలే అబ్బయ్యా, మీ నాయిన గూడా అయిదేండ్లదంకా నోరు తెరవల్యా" అని మనవణ్ణి ఒళ్లోకి లాక్కుంది జేజి. ఈ మాట మీద నాకు కోపం ఉంది. సీమలోనే కాదు, తెలుగు దేశమంతటా ఈ ఓదార్పు ఎంతమంది పిల్లలకు విలువైన రెండు మూడేళ్లు పోగొట్టిందో. రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోతే, ఆ నెలలోనే ఆసుపత్రికి పోవాలి. మా చెల్లెలు నాలుగేళ్ల దాకా ఈ మాట విన్నది. మంత్రాలయం పోయొచ్చారు, కడప పెద్ద దర్గాలో తాయెత్తు కట్టించారు. దేవుడి దగ్గరికి పోవద్దని నేననను, ఆసుపత్రికి కూడా అదే వారంలో పొమ్మంటాను.

అయినా జేజి జేజే. ఆ పాత ఇంట్లో నాపరాళ్లు పరిచిన నడవ, గచ్చు చల్లగా ఉంది. వాడు చొక్కా విప్పేసి బోర్లా పడుకుని చెంప రాతికి ఆనించాడు. చెల్లెలు లేపబోతే జేజి చెయ్యి పట్టుకుంది. "ఉండనీ మ్మే, వానికి చల్లగుంటే నెమ్మది" అంది. గంటన్నర నిద్రపోయాడు. కడపలో ఇల్లు వెతికినప్పుడు టైల్స్ వద్దు, నాపరాయి గచ్చున్న పాత ఇల్లు చూద్దామని అక్కడే అనుకున్నాం. కడప నాపరాయికి పుట్టిల్లు, పాత ఇళ్లలో ఇప్పటికీ ఉంది.

కడప కర్నూలంత పెద్దది కాదు. ఎర్రముక్కపల్లి, ఎన్జీవో కాలనీ, చిన్నచౌక్, మారుతీనగర్ ఎటు చూసినా ఆటోలో పావుగంట. బుగ్గవంక ఏడాదిలో ఎక్కువ భాగం ఎండే ఉంటుంది, అయినా 2001 వరద గుర్తున్నవాళ్లు దాని ఒడ్డున ఇల్లు తీసుకోవద్దన్నారు. సీపీ బ్రౌన్ గ్రంథాలయం ఉన్న ఎర్రముక్కపల్లి నాకు నచ్చింది, అదీ ఒక పుస్తకాల మనిషి పక్షపాతం అనుకోండి. ఇక ప్రభుత్వాసుపత్రి రిమ్స్ ఊరి బయట పుట్లంపల్లి వైపు. అక్కడే 2023 చివర్లో మానసిక చికిత్సాలయం కూడా తెరిచారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం వార్డు సచివాలయంలో స్లాట్ పెట్టుకుంటే ప్రభుత్వాసుపత్రిలో పరీక్షిస్తారు. ఆటిజానికి వాడేది సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసిన భారతీయ కొలమానం, 40 అంశాలు. మొత్తం 70 లేదా ఆపైన వస్తే ఆటిజం, 107 నుంచి మధ్యస్థం, 153 దాటితే తీవ్రం. చిన్నపిల్లలకిచ్చే సర్టిఫికెట్ తాత్కాలికం, వయసు పెరిగాక మళ్లీ పరీక్ష ఉంటుంది. ఇది చేతిలో ఉంటేనే పింఛను, బడిలో హక్కు, నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ కింద లక్ష రూపాయల దాకా వైద్య బీమా. థెరపీ ఖర్చులకు కూడా ఆ బీమా పనికొస్తుంది, అది తెలిసినవాళ్లు తక్కువ.

ఎన్జీవో కాలనీ వైపు ఒక ప్రభుత్వ ప్రాథమిక బడికి పోయాం. పేరు రాయను, రాస్తే అందరూ ఆ ఒక్క బడి మీదే పడతారు. మేం పోయేసరికి ప్రార్థన జరుగుతోంది. మైకు కీచుమంది, వెంటనే డ్రమ్ము. మావాడు రెండు చెవులూ మూసుకుని గేటు బయటికి పరుగెత్తాడు, చెల్లెలు వెనకాల. ఇంకేముంది, సీటు పోయిందనుకున్నాను. హెడ్‌మాస్టరు బయటికొచ్చి చూశాడు. పిల్లవాడి జబ్బు పేరు అడగలేదు. "మైకుకేనా మ్మా? అయితే ప్రేయర్ అయినాంక పిల్చకరాండి. రోజూ పది నిమిషాలు లేటుగా వస్తే మాకేం నష్టం?" అన్నాడు. మధ్యాహ్న భోజనం బెల్లు గురించి ఆయనే గుర్తుచేశాడు, బెల్లుకు ముందే వాణ్ణి వరండాలోకి తీసుకురమ్మని ఆయాకు చెబుతానన్నాడు. ఆయనకు స్పెషల్ ఎడ్యుకేషన్ డిగ్రీ లేదు. "నాకు తెలిసింది తక్కువ, భవిత టీచరును అడిగి చేస్తా" అని కూడా అన్నాడు. బడికి ప్రహరీ ఉంది, గేటుకు గడియ ఉంది, ఒకటో తరగతిలో పిల్లలు తక్కువ. ప్రభుత్వ బడుల్లో తగ్గుతున్న పిల్లల సంఖ్య గురించి ఏడ్చేదాన్ని నేనే, ఆ తక్కువ సంఖ్యే మావాడికి మేలైంది.

రెండు ఊళ్లనూ పక్కపక్కన పెడితే కర్నూలుకు ఒక బలం ఉంది. హైదరాబాద్ 210 కిలోమీటర్లు, పొద్దున పోయి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో చూపించుకుని రాత్రికి వచ్చేయొచ్చు. కడప నుంచి హైదరాబాద్ రాత్రి ప్రయాణం. కడపవాళ్లకు పెద్దాసుపత్రి అంటే వేలూరు. అక్కడ సీఎంసీ వాళ్ల నంబిక్కై నిలయంలో తల్లిని కూడా వారాల పాటు పిల్లవాడితో ఉంచుకుని నేర్పిస్తారు. సీమవాళ్లు చాలామంది అక్కడికే పోతారు. ఏటా ఒకటి రెండుసార్లు పోయే ఆసుపత్రి దూరమైనా సర్దుకోవచ్చు, రోజూ పోయే బడి దూరమైతే సర్దుకోలేం.

మా చెల్లెలు కడపే కోరుకుంది. జేజి వచ్చి ఉంటానంది. ప్రార్థన అయ్యాక వాణ్ణి బడికి తోడ్కొనిపోయేది ఆమే. అంటే కర్నూలు చెడ్డ ఊరని చెప్పినట్టు కాదు. ఆ భవిత టీచరమ్మ లాంటి మనిషి కడపలో దొరుకుతుందో లేదో ఇంకా చూడాలి, కర్నూలువాళ్లకు అట్లాంటి మనిషి ఉంది.

ఇట్లా ఊరు మారబోయే తల్లిదండ్రులకు నా మాట ఒకటే. ముందు బడి, తర్వాత ఇల్లు. బడి అంటే పేరూ ర్యాంకులూ కాదు, ప్రహరీ, గేటు, హెడ్‌మాస్టరు. అడ్వాన్సు ఇచ్చే ముందు పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని బడి నడిచే రోజున, ప్రార్థన వేళకు పోండి. ఏప్రిల్ ఆఖరులో సెలవులు ఇచ్చాక పోతే ప్రతి బడీ ప్రశాంతంగానే కనిపిస్తుంది.